మూత లోపలి తేదీ

నలభై ఒక్క యూపీఎస్‌లు కాలిపోయాయని అందరూ అంటున్నారు. ఆ గదిలో నాకు ఒక్కటి కూడా కాలినట్టు కనిపించలేదు.

రాయదుర్గంలో వేదావతి సిస్టమ్స్ అనే సర్వీస్ సెంటర్ అది. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో స్టోరు. వారంటీ ఉన్న కంప్యూటర్ సామాను చెడిపోతే చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఇక్కడికే తెచ్చిస్తారు. కంపెనీ కొత్తది పంపినా, డబ్బు వాపసు ఇచ్చినా ఈ కౌంటరు మీదుగానే. పదో తేదీ బుధవారం మధ్యాహ్నం వెనక గది తగలబడింది. ఈ రోజు పదిహేను, సోమవారం. గోడలు నల్లగా పొక్కిపోయి ఉన్నాయి. ఇనుప ర్యాకులు వంగిపోయాయి. నేల మీద చీలమండల లోతు బూడిద.

చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఒక ఇనుప చువ్వ పట్టుకుని ఆ బూడిదని ఈ మూల నుంచి ఆ మూలకి గీకాను. ముప్పావుగంట పట్టింది. దొరికినవి నాలుగు ర్యాకు బోల్టులు, ఒక స్టూలు కాళ్లు, కరెంటుతో కాగి వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ ముక్కు, ఒక టిఫిన్ క్యారియర్. అంతే.

యూపీఎస్ అంటే కరెంటు పోయినప్పుడు కంప్యూటర్‌ని కాసేపు నిలబెట్టే డబ్బా. దాని లోపల ఇటుకలో సగమంత ఇనుప దిమ్మ ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ అంటారు. పక్కనే సీసం బ్యాటరీ. పైనున్న ప్లాస్టిక్ కాలుతుంది, అట్టపెట్టె కాలుతుంది, ఒప్పుకుంటాను. ఇనుప దిమ్మలు నలభై ఒకటి ఎక్కడికి పోతాయి? సీసం కరిగి నేల మీద ముద్ద కట్టాలి కదా. కింద గచ్చు తప్ప ఏమీ లేదు.

నా పేరు భద్రమ్మ. అనంతపురంలో డిటెక్టివ్ ఆఫీసు అని బోర్డు పెట్టి తొమ్మిదేళ్లయింది. అంతకుముందు ఇరవై రెండేళ్లు వినియోగదారుల కోర్టులో గుమాస్తాని. ఆగిపోయిన ఫ్రిజ్‌లు, పేలిన మిక్సీలు, ఏడ్చే కొనుగోలుదారులు, నవ్వే డీలర్లు. "షరతులు వర్తిస్తాయి" అన్న మాట చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటే నన్ను ఈ వృత్తిలోకి తెచ్చింది.

"ఆ క్యారియర్ మాదే అక్కా" అంది గుమ్మం దగ్గర నిలబడ్డ మల్లీశ్వరి.

ఆమె నా క్లయింటు. ఆమె మొగుడు యేసన్న ఈ సర్వీస్ సెంటర్‌లో పదకొండేళ్లుగా టెక్నీషియన్. నిప్పంటుకున్న బుధవారం నుంచి మనిషి లేడు, ఫోన్ లేదు. యేసన్నే సరుకు కాజేసి, గదికి నిప్పు పెట్టి పారిపోయాడని ఊరంతా అనుకుంటోంది. ఆమె ఐదు రోజులుగా అన్నం తిన్నట్టు లేదు. కళ్లు లోపలికి పోయాయి.

క్యారియర్ కొక్కెం తీసి గిన్నెలు విడదీశాను. మూడింటిలోనూ అన్నం, పప్పు బొగ్గయి గడ్డకట్టి ఉన్నాయి. ఒక్క ముద్ద కూడా తీసిన గుర్తు లేదు.

"ఒకటిన్నర కొట్టకముందే తింటాడక్కా. షుగరుండాది ఆయనకి. ఒకటిన్నర దాటితే చేతులు వణుకుతాయి." మల్లీశ్వరి ఆ గిన్నె వైపు చూడలేక గోడ వైపు తిరిగింది. "పారిపోయేటోడు తిని పోతాడు గదక్కా."

నిజం చెప్పాలంటే నా తొమ్మిదేళ్ల సర్వీసులో నేను విన్న మంచి సాక్ష్యాల్లో అదొకటి. కానీ కోర్టులో దీన్ని ఎవరూ రాసుకోరు.

ఆ పొద్దున వాళ్లింట్లో ఆమె నాకు ఇంకొకటి చూపించింది. మిక్సీ తిరగేసి, అడుగు మూత విప్పి చూపించింది. లోపల వెండి రంగు మార్కర్‌తో చిన్న అక్షరాలు: తేదీ, లోపం ఏమిటి, ఏం చేశాడు. టార్చిలైటు మూత లోపల అలాగే. గోడ గడియారం వెనక అలాగే. ఏ వస్తువు విప్పినా లోపల రాయనిదే మూత బిగించడట యేసన్న. "మళ్లా ఎవురన్నా విప్పితే వాళ్లకి తెలియాల గదా అంటాడక్కా" అని చెప్పింది. ఇంత పద్ధతిగల మనిషి ఒక దొంగతనం చేస్తే దాన్ని కూడా ఎక్కడో రాసిపెట్టే ఉంటాడని నాకప్పుడు నవ్వొచ్చింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

"ఏమమ్మా, బూడిదలో ఏం ఎతుకుతాండావు? బంగారమా?"

వెనక నుంచి వచ్చినవాడు ప్రవీణ్, సర్వీస్ సెంటర్ ఓనరు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. వాళ్ల నాయన పాత సర్పంచి. బెళుగుప్ప వైపు భూములు, మూతబడిన ఒక శెనక్కాయల మిల్లు ఉన్నాయి. వచ్చే ఎలక్షన్ల మీద ప్రవీణ్‌కి చూపు ఉంది.

"బంగారం కాదు, ఇనుము. నీ యూపీఎస్‌ల లోపలి ఇనుము యాడ పోయింది ప్రవీణ్?"

"కాలిపోయింది."

"ఇనుము కాలిపోతాదా?"

"అంత పెద్ద మంట అమ్మా. ఫైరింజన్ రెండూ ఇరవైకి గానీ రాలేదు. అంతా బూడిదైపాయ."

"స్టూలు కాళ్లు బూడిద కాలేదు. రేకు క్యారియర్ బూడిద కాలేదు. దిమ్మలొక్కటే ఎట్లయినాయి?"

ప్రవీణ్ మల్లీశ్వరి వైపు చూసి, "మీ ఆయన చేసిన పనికి నేను వీధిన పడినా. ఈమెని పిల్చుకొచ్చి నన్నే అడిగిస్తాండావా?" అన్నాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"నన్ను చూసి మాట్లాడు. నిప్పు ఎట్ల అంటుకునింది?"

"సోల్డరింగ్ ఐరన్ స్విచ్చి వేసి, కాగినాక అట్టపెట్టెల మీద పెట్టి పోయినాడు. కావాలనే."

"ఎప్పుడు?"

"ఒకటీ నలభై నాలుక్కి బయటికి పోయినాడు. ఒకటీ యాభై రెండుకి పొగొచ్చింది. వీడియో ఉండాది."

"ఆ పొద్దు ఈ వీధికి కరెంటు ఎప్పుడు పోయింది?"

ప్రవీణ్ కనురెప్పలు ఒక్కసారి టపటపలాడాయి. ఎదురుగా జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్ ఉంది. అక్కడి ఆడవాళ్లకి కూలి పీసుకింత. మిషన్ ఆగితే రాబడి ఆగినట్టే. కాబట్టి కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడొచ్చిందో వాళ్లని అడగాలి గానీ కరెంటాఫీసుని కాదు. బుధవారం లైను పని ఉండి ఒంటిగంటకి పోయి మూడింటికి వచ్చిందని నలుగురు ఒకే మాట చెప్పారు. పని లేక గడప మీద కూర్చుని ఉంటే, ఒకటీ పావుకి వెనక గదికి పోయే పక్క సందులో బొలెరో ఆగి అట్టపెట్టెలు ఎక్కించుకుందని కూడా చెప్పారు. అడిగితే, "కంపెనీకి వాపసు పంపుతాండాం" అన్నారట ప్రవీణ్ మనుషులు.

"ఒంటిగంట నుంచి కరెంటే లేదు. ఐరన్ ఎట్ల కాగింది అప్పా?"

"అగ్గిపుల్లతో అంటించినాడనుకోండక్కా. ఏం పోయింది?"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. చైతన్య. నా దగ్గర మూడేళ్లు పని నేర్చుకుని, నాకు చెప్పకుండా బెంగళూరు ఏజెన్సీలో చేరినవాడు. ఇప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఈ అగ్నిప్రమాదం మీద విచారణాధికారి. నల్ల బూట్లు, చేతిలో ట్యాబ్. బూడిదలోకి కాలు పెట్టకుండా గడప అవతలే ఆగాడు.

"బూట్లు పాడైతాయనా?" అన్నాను.

"చూసేది చూసేసినా అక్కా. నాలుగింటికి రిపోర్టు పంపాల. ఉద్యోగి కావాలని నిప్పుపెట్టినాడు, సరుకు నష్టం, క్లెయిము ఇవ్వొచ్చు. అంతే."

"ఆ రిపోర్టు పోయినాక?"

"దాన్ని పెట్టి ప్రవీణన్న స్టేషన్‌లో కంప్లైంట్ ఇస్తాడు."

అదీ సంగతి. కనబడకుండా పోయిన మనిషిని వెతికే తీరు వేరు. పారిపోయిన దొంగని వెతికే తీరు వేరు. నాలుగు దాటితే యేసన్న ఎక్కడున్నాడు, ఎలా ఉన్నాడు అని అడిగేవాళ్లు ఈ భూమ్మీద ఒక్క మల్లీశ్వరే మిగులుతుంది. గోడవైపు చూశాను. గడియారం కాలిపోయింది. నా ఫోనులో రెండూ పది.

"చూపించు నీ వీడియో" అన్నాను.

ఎదురు యూనిట్ కెమెరాలోది. ఆ కెమెరాకి వాళ్ల సొంత బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు లేకపోయినా నడిచింది. ఒకటీ నలభై నాలుగు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి భుజాన ఒక సంచితో బయటికొచ్చి, యేసన్న బండెక్కి వెళ్లిపోయాడు. ముఖం కనిపించదు.

మల్లీశ్వరి ట్యాబ్ మీదకి వంగి చూసింది. "ఈయన మా ఆయన కాదు. మా ఇంట్లో ఉండేది ఒకే హెల్మెట్. నెల రోజులుగా దాంట్లో కోడి పొదుగుతాండాది. అందుకే ఆయన పెట్టుకునేది మానేసినాడు."

చైతన్య నవ్వాడు. "ఏమక్కా, కోడిని సాక్ష్యానికి పిలవాల్నా?"

"పిలుద్దాం. నీ వీడియో కంటే అదే నయం. దాని మొగమన్నా కనపడతాది" అన్నాను.

వాడి నవ్వు ఆగింది. నేను ఆపలేదు. "ఇనుము లేదని నీకూ తెలుసు. ఏమంటావు?"

"యేసన్న ముందే కాజేసినాడంటా."

"ఒక్కోటి ఐదు కిలోలు. నలభై ఒకటి కలిపితే రెండు వందల కిలోలకి పైనే. ఈ సంచిలో పట్టినాయా?"

"రోజుకి రెండు మూడు ఎత్తుకొని పోయిండొచ్చు."

"అట్లనా? ప్రవీణ్ నీకిచ్చిన క్లెయిము కాగితం తియ్యి. బుధవారం పొద్దున్న పదకొండింటికి స్టాకు లెక్క చూసినా, నలభై ఒకటీ ఉండినాయి అని సంతకం పెట్టినాడా లేదా?"

పెట్టాడు. పెట్టకపోతే ఇన్సూరెన్స్ రాదు. ఏ కోర్టు గుమాస్తాకైనా తెలిసిన విషయం ఇది. చైతన్య ట్యాబ్‌లో వెతికి, ఆ కాగితం చూసి, ప్రవీణ్ వైపు చూశాడు.

"ఇంగొకటి. వీడియో ముందుకు జరుపు. పొగ చూపించు."

ఒకటీ యాభై రెండు. పైకప్పు కిందనుంచి పొగ లేచింది. తెల్లగా, పలుచగా ఉంది. ఎండు కసువు తగలబెట్టినప్పుడు వచ్చే పొగ అలాగే ఉంటుంది.

"నలభై ఒక్క ప్లాస్టిక్ డబ్బాలు కాలితే పొగ ఏ రంగులో రావాల చైతన్యా? నేను నేర్పినానో లేదో నాకు గుర్తులేదు."

"నల్లగా" అన్నాడు, నోరు పూర్తిగా తెరవకుండా. వెంటనే మళ్లీ బిగుసుకున్నాడు. "అనుమానాలు ఎన్నైనా ఉండొచ్చక్కా. నా రిపోర్టులో అనుమానాలు రాసే గడి లేదు. మీ మాదిరి ఒక్కో కేసుకి మూడు నెలలు తిరిగితే నాకు ఉద్యోగముండదు. అందుకే గదా మీ దగ్గర్నుంచి పోయింది."

దెబ్బ తగిలింది. తగల్లేదన్నట్టు నిలబడ్డాను. ప్రవీణ్‌కి అప్పుడే ఫోన్ వచ్చింది. "పని నడుస్తాండాదా? సాయంత్రానికి అయిపోవాల" అంటూ వీధిలోకి వెళ్లాడు.

ముందు గదిలోకి వచ్చాను. కౌంటరు దగ్గర మౌనిక ఉంది. కంప్లైంట్లు రాసుకునే అమ్మాయి, ఇరవై నాలుగేళ్లు. పొద్దుట్నుంచి నన్ను తప్పించుకుని తిరుగుతోంది. ఇప్పుడు ప్రవీణ్ వీధిలో ఉన్నాడు. ఆమె ఎదుట స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"బుధవారం ఎన్నింటికి భోజనానికి పోయినావు?"

"ఒకటీ ఐదుకి. రోజూ ఒకటిన్నరకి పోతా. ఆ పొద్దు ప్రవీణన్నే బిన్నా, ముందే పొమ్మన్నాడు."

"యేసన్న లోపలే ఉండినాడా?"

తలూపింది. కళ్లనిండా నీళ్లు. "నాకు భయమైతాంది మేడమ్."

"నాకూ భయంగానే ఉండాది. చెప్పు."

గొంతు తగ్గించి చెప్పింది. చెడిపోయిన యూపీఎస్ తెచ్చినవాళ్ల ఫోన్‌కి ఒక ఓటీపీ వస్తుంది. కంప్లైంట్ రాసుకునేందుకని చెప్పి ఈమె అడుగుతుంది, వాళ్లు చెప్తారు. నిజానికి అది కంప్లైంట్‌కి కాదు. కొత్త యూపీఎస్ నాకు అందింది అని కంపెనీకి ఒప్పుకునే ఓటీపీ. కంపెనీ పంపిన కొత్తది ప్రవీణ్ బయట అమ్ముకుంటాడు. తెచ్చినవాళ్లకి మాత్రం ఇంకా రాలేదు, వచ్చే వారం రండి అని చెప్తారు. ఏడెనిమిది నెలల నుంచి ఇదే. అలా ఆగిపోయినవాళ్లు నలభై ఒక్క మంది.

"పాతవి కంపెనీకి వాపసు పోవాల మేడమ్. పోలేదు. లెక్క చూసేదానికి పన్నెండో తేదీ ఆడిటర్ వస్తాడని మెయిల్ వచ్చింది. యేసన్నన్న అది చూసినాడు. వచ్చినోళ్లకి ఉన్నదున్నట్టు చెప్పేస్తానని ప్రవీణన్నతో గొడవ పెట్టుకున్నాడు. పదో తేదీ పొద్దున్నే." కళ్లు తుడుచుకుంది. "ఓటీపీలు అడిగింది నేనే. నన్నూ పట్టుకుంటారా?"

"ముందు యేసన్నని పట్టుకుందాం" అన్నాను.

అప్పుడే వాకిట్లో పెద్ద గొంతు వినిపించింది.

"ఏమబ్బా, ఇదేమి కొత్తది? దీనికంటే నా పాతదే మేలు!"

యాభై ఏళ్ల మనిషి, నెత్తిన అట్టపెట్టె. పేరు ఆంజినమ్మ. బెళుగుప్పలో జిరాక్సు అంగడి. నాలుగు గొర్రెలమ్మి పెట్టుకున్న అంగడట. పంటల బీమా అర్జీల గడువు దగ్గరపడి రైతులు బారులు తీరితే, యూపీఎస్ చెడిపోయి కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని ఆరు నెలలుగా ఈ కౌంటరు చుట్టూ తిరుగుతోంది.

"పొద్దున్నే ప్రవీణు మనుషులు ఇంటికి తెచ్చిచ్చినారు. అంతా కాలిపోయినా మా అన్న సొంత దుడ్లు పెట్టి అందరికీ కొత్తవి ఇస్తాండాడు, ఎలక్షన్లో గుర్తుపెట్టుకో అని చెప్పి పోయినారు. తగిలిస్తే దీపం కూడా వెలగల్యా!"

పెట్టెని కౌంటరు మీద దబ్బున పెట్టింది. మూత లేచి ఎర్రటి పొట్టు చెదిరింది. వేరుశనగ పొట్టు. యూపీఎస్ చుట్టూ అదే కూరి ఉంది.

నేను మౌనిక వైపు చూశాను. "మీరు సామాను ప్యాక్ చేస్తే ఏం కూరతారు?"

"జీన్స్ పీలికలు మేడమ్. ఈ ఊర్లో అందరం అవే. కంపెనీ నుంచి వస్తే థర్మకోల్ ఉంటాది. ఇది మేము కట్టింది కాదు."

ఆంజినమ్మ గుప్పెడు పొట్టు తీసుకుని వాసన చూసింది. "ఇది పాతది. మగ్గిపోయింది. మా పక్క రెండేండ్లుగా వానల్లేక శెనక్కాయ చేతికొచ్చిందే లేదు, కొత్త పొట్టు యాడిది? ఇంత పొట్టు నిలవుండేది ఒకటే తావు. మా ఊరి దావలో, ప్రవీణు వాళ్ల మూతబడిన మిల్లులో."

చైతన్య స్టోరు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా వింటున్నాడు. నేను స్క్రూ డ్రైవర్ అందుకున్నాను.

"ఆగమ్మా!" ప్రవీణ్ వీధిలోంచి దూసుకొచ్చాడు. "ఆ స్టిక్కర్ చించితే వారంటీ పోతాది!"

యూపీఎస్ అంచు మీద చిన్న స్టిక్కర్ ఉంది. తెరిస్తే వారంటీ చెల్లదు అని దాని మీద రాసి ఉంది. ఇరవై రెండేళ్లు ఆ స్టిక్కర్ వల్ల ఓడిపోయినవాళ్లని చూశాను.

"పోనీ" అన్నాను. "ఆంజినమ్మా, తెరవమంటావా?"

"తెరువు అక్కా. ఉన్నా ఒకటే, పోయినా ఒకటే."

స్టిక్కర్ చించాను. నాలుగు స్క్రూలు తీశాను. మూత పైకెత్తి తిరగేశాను. లోపలి వైపు నల్లటి ప్లాస్టిక్ మీద వెండి రంగు అక్షరాలు.

మల్లీశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూత ఆమె చేతికిచ్చాను. అది చదివే హక్కు ఆమెదే. అందరికీ వినపడేలా చదివింది.

"పద్నాలుగో తేదీ. నలభై ఒకటిలో ముప్పై రెండు. లోపం: వైరు నేనే పీకినా. తెరిచినోళ్లు మల్లీశ్వరికి చెప్పండి, నేను దొంగని కాదు. నలభై ఒకటీ అయినాక పంపిస్తామంటాండారు. నాకు నమ్మకం లేదు."

పద్నాలుగు అంటే నిన్న. నిన్న బతికే ఉన్నాడు.

అంతా ఒక్కసారిగా కుదిరింది. కంపెనీ పంపిన కొత్తవి అమ్ముకున్నాడు. ఇప్పుడు జనం నోరు మూయించడానికి నలభై ఒక్క పాత యూపీఎస్‌లు బాగుచేయించి, కొత్త స్టిక్కర్ వేసి, సొంత డబ్బుతో ఇచ్చానని చెప్పుకోవాలి. బాగుచేసే చెయ్యి ఒక్క యేసన్నది. అందుకే ఆయన్ని బొలెరోలో పెట్టెలతో పాటు ఎత్తుకుపోయారు. స్టోరులో ఖాళీ అట్టపెట్టెలు తగలబెడితే చాలు, వాపసు పంపాల్సిన నలభై ఒకటీ కాలిపోయాయని ఆడిటర్‌కీ ఇన్సూరెన్స్‌కీ చెప్పొచ్చు. హెల్మెట్ పెట్టినవాడు వీడియోలో యేసన్నలా కనబడటానికి. యేసన్నకి పెట్టెల మీద పేర్లు కనిపిస్తాయి. ఈ ఆంజినమ్మ ఊరుకునే మనిషి కాదని ఆరు నెలలుగా ఆమె గొంతు విన్న ఆయనకి బాగా తెలుసు. అందుకే ఆమెదాన్ని కావాలని చెడగొట్టాడు. చెడిపోయిన సామాను ఎప్పటికైనా ఈ కౌంటరు మీదకే తిరిగొస్తుంది, వచ్చిందాన్ని ఎవరో ఒకరు విప్పుతారు. పదకొండేళ్ల అనుభవం అది.

పదకొండు నుంచి పద్నాలుగు దాకా నాలుగు రోజులు. రోజుకి ఎనిమిది. ఇంకా తొమ్మిదే మిగిలాయి. ఇందాక ప్రవీణ్ ఫోన్లో అన్న మాట గుర్తొచ్చింది. సాయంత్రానికి అయిపోవాల.

"ప్రవీణ్..." అంటూ తిరిగాను.

అతను లేడు. మల్లీశ్వరి చదువుతున్నంతసేపూ మేమంతా మూతనే చూస్తున్నాం. అతనూ విన్నాడు. వీధిలో కారు స్టార్టయిన చప్పుడు, మలుపు దాకా ఒక హారన్, అంతే.

తప్పు నాది. అతని ఎదురుగా చదివించడం నా తప్పు. తొమ్మిదేళ్లలో ఇంత బుద్ధిలేని పని చేయలేదు.

"నా కారు ఉండాది అక్కా" అన్నాడు చైతన్య. ట్యాబ్ మూసి చంకలో పెట్టుకున్నాడు. బూడిద రాలిన నేల మీద నల్ల బూట్లతో నా వైపు వచ్చాడు. "మిల్లు ఎంత దూరం?"

"ఇరవై ఆరు కిలోమీటర్లు" అంది ఆంజినమ్మ. "దావ నేను చూపిస్తా, పదండి."

"నీ రిపోర్టు?"

"దాంట్లో గడి లేకపోతే వెనక రాస్తా."

రెండూ యాభై ఐదుకి బయల్దేరాం. చైతన్య ఒక చేత్తో నడుపుతూ పోలీసులకి ఫోన్ చేశాడు. పేరు, ఊరు, మిల్లు గుర్తులు అన్నీ వరసగా చెప్పాడు. ఎలా చెప్పాలో నేను నేర్పిన వరసే. బయల్దేరుతున్నామన్నారు. ఎంతసేపని అడిగితే, ముప్పావుగంట అన్నారు. ప్రవీణ్ కారు మా ముందు ఎక్కడా కనిపించలేదు. అతనికి కారు కూడా అక్కర్లేదు. ఒక్క ఫోన్ చాలు.

వెనక సీట్లో మల్లీశ్వరి ఒళ్లో మూత పెట్టుకుని కూర్చుంది. అక్షరాల మీద వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదువుతోంది. కాసేపటికి అడిగింది. "పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే, ఇప్పటికి ఎన్ని అయింటాయక్కా?"

ఆరయి ఉంటాయి. మనసులోనే లెక్కేసుకున్నాను. "ఎక్కువ కాలేదులే. నిదానంగా చేస్తాడు. తెలివిగల మనిషి" అన్నాను.

"షుగరు మాత్రలు కూడా లేవు ఆయన కాడ" అంది.

మూడూ ఇరవై నాలుగు. బీడు పడిన చేలు, రెండు పక్కలా ఎర్రమట్టి. దూరాన మిల్లు రేకుల కప్పు కనబడింది. ఆంజినమ్మ వేలు చూపించి, "అదే" అంది. చైతన్య కాలు గట్టిగా నొక్కాడు.

అప్పుడు చూశాను. కప్పు మీంచి పొగ లేస్తోంది.

చైతన్య కూడా చూశాడు. "పొట్టు కాలుస్తాండారేమో అక్కా" అన్నాడు. అలా అనాలని అన్నాడు, అంతే. వేరుశనగ పొట్టు కాలితే పొగ తెల్లగా వస్తుందని ఆ కారులో అందరికీ తెలుసు. ఆంజినమ్మ చప్పున చేత్తో మల్లీశ్వరి కళ్లు మూసింది.

ఈసారి పొగ నల్లగా ఉంది.